పాత పైపు లోపల కొత్త పైపు

పొద్దున్నే లేవగానే పుష్పకుమారి చేసే మొదటి పని బాత్రూంలో ఒక మగ్గు నీళ్లు కుమ్మరించడం. పళ్లు తోముకోవడం, పాలు కాచడం, చెత్తబుట్ట గేటు దగ్గర పెట్టడం అన్నీ దాని తర్వాతే. నీళ్లు జాలీలోంచి గుడగుడమంటూ దిగిపోతాయి. కాసేపు ఏమీ వినపడదు. అప్పుడు పైపు లోపల్నుంచి జాయ్స్ అంటుంది, "అమ్మా, టవల్."

ఆమె తలుపు మీద టవల్ వేస్తుంది. సాయంత్రం ఆ తడవని టవల్‌నే తీసి మడతపెడుతుంది.

జాయ్స్ డెంగీతో పోయి రెండేళ్లు దాటింది. స్నానానికి టవల్ లేకుండా వెళ్లడం ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. డిగ్రీ అయ్యాక కూడా పోలేదు. ఎన్నిసార్లు తిట్టిందో, ఎన్నిసార్లు "రానులే, తడిబట్టల్తోనే బయటికి రా" అందో పుష్పకుమారికి ఇప్పుడు గుర్తు చేసుకోవాలని లేదు.

ఫిల్మ్‌నగర్‌లో వాళ్ల వీధి కొండవాలు మీద ఉంటుంది. అక్కడి పాత ఇళ్లన్నిటికీ భూమిలో మట్టి పైపులే. మట్టి పైపులు మాటలు పట్టుకుంటాయి, అది అందరికీ తెలిసిందే. ఎదురింటి తాతగారు పోయి ఎన్నేళ్లయినా ఇప్పటికీ వాళ్ల పైపులో పుక్కిలిస్తాడు. మూలింటివాళ్లు అద్దెకొచ్చేవాళ్లతో ముందే చెప్పేస్తారు, బాత్రూంలో మా అత్తగారు సణుగుతుంటుంది, పట్టించుకోకండి అని. వాళ్లూ అలాగేనని చెప్పి సామాన్లు దింపుకుంటారు.

గొడవ వాలు కింది ఇంటి రఘునందన్ గారి వల్ల మొదలైంది. ఒకప్పుడు ప్రొడక్షన్ మేనేజర్. ఎవర్నీ నొప్పించకుండా డబ్బులు వసూలు చేయడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. ఒకరోజు వచ్చి, కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టాక అన్నాడు.

"దేవకుమార్ గారూ, మీ ఇంటి నీళ్లు మా పూజగది గోడ దాకా వచ్చాయండీ. దేవుళ్లని హాల్లోకి మార్చాను. వాసనకి మా ఆవిడ పుట్టింటికి మారింది. ఇక నేనే మిగిలాను, నన్నెక్కడికి మార్చమంటారో మీరే చెప్పండి."

పుష్పకుమారి భర్త దేవకుమార్ షూటింగులకి జనరేటర్ వ్యాన్ నడిపి రిటైరైన మనిషి. ఏదైనా ఆగిపోతే వెంటనే బాగుచేయించాలి, అదొక్కటే ఆయనకి తెలుసు. మర్నాడే పైపుల పనిచేసే వరప్రసాద్‌ని పిలిపించాడు.

వరప్రసాద్ రహమత్ నగర్ నుంచి బండి మీద వచ్చి, పైపులోకి వైరు చివరున్న కెమెరా దించి, చిన్న టీవీలో చూపించాడు. అతుకులు విడిపోయి ఉన్నాయి. వేర్లు జుట్టులా లోపలికి దిగాయి. ఒకచోట పైపు బాగా పగిలింది.

"రెండు దార్లు సార్," అన్నాడు. "తవ్వుడొకటి. పైపుకు పెద్దగ ఖర్చు కాదు. గానీ గీడ కింద మొత్తం బండ. బండ కొట్టాలె, గ్రానైట్ లేపాలె, మెట్లు మళ్ల కట్టాలె. నాలుగు లక్షలు దాటుతది. రెండోది లైనింగ్. తవ్వకుండ పాత పైపు లోపలనే కొత్త పైపు పోస్తం."

అడుక్కి మూడు వేలు, అరవై అడుగులు అని లెక్క మొదలుపెట్టాడు. వంపులుంటే విడిగా. కొత్త పైపు దిగాక వంటింటి పైపు, బాత్రూం పైపు కలిసేచోట లోపల్నుంచి కన్నాలు కోయాలి, అదీ విడిగా. వేర్లు కోసి కడగడానికి పదిహేను వేలు. మీద జీఎస్టీ. అంతా కలిపి రెండున్నర లక్షలు. దేవకుమార్ కడుగుడు చార్జీ తగ్గించమన్నాడు, కెమెరా డబ్బులు అందులోనే కలిపేయమన్నాడు. వరప్రసాద్ జీఎస్టీ దగ్గర తప్ప అన్నిచోట్లా కొంచెం కొంచెం దిగాడు.

పుష్పకుమారి గడప దగ్గర నిలబడి అంతా విన్నాక ఒక్కటే అడిగింది. లోపలున్న మాటల సంగతేంటని.

వరప్రసాద్ తల గోక్కున్నాడు. "ఉండయ్ అమ్మా. కొత్తది అద్దం లెక్క నున్నగుంటది. దేన్నీ పట్టుకోదు. పాతయి దాని ఎనక మూసుకపోతయ్. తవ్వినా అంతే, పెంకులల్ల పోతయ్. మధురానగర్‌ల ఒకామె అడ్వాన్స్ ఇచ్చినంక గిందుకే వద్దన్నది."

దేవకుమార్ అడ్వాన్స్ ఇచ్చేశాడు. ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె పెరుగు వడ్డిస్తూ, ఆయన గోడకేసి చూస్తూ, ఇద్దరూ రఘునందన్ గారి పూజగది గురించి మాట్లాడుకున్నారు. జాయ్స్ పేరు ఎత్తలేదు. ఆయన రోజూ పొద్దున హాల్లో పేపరు తిప్పకుండా పట్టుకుని కూర్చునేది దేనికోసమో ఆమెకి తెలుసు. తెలుసని ఆయనకీ తెలుసు.

ఆ గొంతుని ఫోన్లో పట్టాలని చూసింది ఆమె. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ ఎక్కలేదు. మట్టి పట్టుకున్నది ఫోను పట్టుకోలేదు.

అప్పుడు పుష్పకుమారి తనకొచ్చిన పనే చేసింది. ఆమె డబ్బింగ్ ఆర్టిస్టు. ఒకప్పుడు హీరోయిన్లకి చెప్పింది, ఇప్పుడు సీరియళ్లలో అత్తగార్లకి చెబుతోంది. డబ్బింగ్ థియేటర్లో ముందు షూటింగప్పటి గొంతు హెడ్‌ఫోన్లో వస్తుంది. దాన్ని పైలట్ ట్రాక్ అంటారు. దాన్ని వింటూ, ఎక్కడ ఊపిరి తీసుకున్నారో ఎక్కడ మాట నమిలారో పట్టుకుని, తన గొంతు దాని మీద పరవాలి. పుష్పకుమారి బాత్రూం గచ్చు మీద చతికిలబడి, అలవాటు కొద్దీ ఒక చెవి మూసుకుని, మగ్గు తర్వాత మగ్గు పోస్తూ జాయ్స్‌తో పాటు అంది. "అమ్మా" తర్వాత ఆ పిల్ల పెదవి కొంచెం విరుస్తుంది. "టవల్" చివర్లో నవ్వు ఉంటుంది, తిట్లు పడతాయని ముందే తెలిసిన నవ్వు. పైపు పోయినా తన నోట్లో ఇది మిగులుతుంది కదా అనుకుంది. రోజూ పనికి వెళ్లేముందు, వచ్చాక, అంతే. ఊపిరితో సహా కుదిరేదాకా.

డైలాగ్ కుదిరాక పైలట్‌ని తీసేస్తారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆమెకి తెలియంది కాదు. బాత్రూంలో గుర్తు రాలేదు.

పని మొదలయ్యే రోజు పొద్దున మగ్గు కుమ్మరించింది. పైపులోంచి బరువైన, నడివయసు గొంతు వచ్చింది. సీరియల్ అత్తగారి గొంతు.

"అమ్మా, టవల్."

అది తనది. భయపడి, "ఏవండీ, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది. ఆ పిలుపు తన నోట్లోంచి జాయ్స్ గొంతుతో వచ్చింది.

దేవకుమార్ పేపరు పడేసి పరుగెత్తుకొచ్చాడు. తలుపు దగ్గర ఆగి, గచ్చు మీద కూర్చున్న భార్యని చూసి, ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని కూడా చూశాడు. పుష్పకుమారి జరిగింది చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన ఆమె మొహం చూడకుండా నేల చూస్తూ విన్నాడు.

బయట వరప్రసాద్ మనుషులు వేర్లు కోసే మిషను దించేశారు. జిగురులో నానబెట్టిన గుడ్డగొట్టం ఐసు పెట్టెలో వచ్చింది. దాన్ని పైపులోకి ఎక్కించి వేడినీళ్లు పోస్తే గట్టిపడి కొత్త పైపవుతుంది. వెనక్కి తీసుకెళ్తే దార్లోనే గట్టిపడి, డబ్బంతా బూడిదపాలవుతుంది. వరప్రసాద్ సంగతి విని, "జర తొందరగ చూసుకోండ్రమ్మా, ఐసు కరుగుతది" అని మాత్రం అని గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

ఏం చేయాలో పుష్పకుమారికి తెలుసు. ఇంకో టేక్. పైపులో ఉన్న తన గొంతు మీద జాయ్స్ గొంతుతో మళ్లీ చెబితే ఎవరిది వాళ్లకి వచ్చేస్తుంది. అప్పుడు జాయ్స్ పైపులోకి వెళ్లిపోతుంది, దాని మీద కొత్త పైపు పోసేస్తారు. చెప్పకపోతే మూసుకుపోయేది తన గొంతు.

మగ్గు నింపింది. చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

"మీరేమంటారు?" అని అడిగింది.

ఆ గొంతు విని దేవకుమార్ గోడకి ఆనుకున్నాడు. "ఇంకేదైనా మాట్లాడు," అన్నాడు. "ఏదైనా సరే."

ఏం మాట్లాడాలో తోచక, చిక్కుడుకాయలు తెచ్చారా అని అడిగింది. ఆయన ఏడ్చాడు. రెండేళ్ల కిందట స్మశానంలో కూడా ఏడవని మనిషి.

సీరియల్ వాళ్లు ఇంకో అత్తగారిని వెతుక్కుంటారు. ఏముంది ఆ గొంతులో, ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల పెదాలకి అరువిచ్చిందే కదా. ఇంట్లో జాయ్స్ మాట్లాడుతుంది. కూర మాడిందంటుంది, కరెంటు బిల్లు వచ్చిందంటుంది. పుష్పకుమారి మగ్గు బకెట్లో పెట్టేసి, గుమ్మం దాకా వచ్చి, "కానివ్వండి" అని చెప్పింది. వరప్రసాద్ మొహం తిప్పుకుని మనుషులకి సైగ చేశాడు.

మధ్యాహ్నానికల్లా వేడినీళ్లు పట్టడం అయిపోయింది. రఘునందన్ గారు వచ్చి కెమెరాలో చూసుకుని, మెరిసిపోతోందండీ అని మెచ్చుకుని వెళ్లాడు.

సాయంత్రం ఇద్దరూ రోజూలాగే ప్రార్థనకి కూర్చున్నారు. కీర్తన చదివేది ఎప్పుడూ పుష్పకుమారే. చదివింది. దేవకుమార్ కళ్లు మూసుకుని, చేతులు జోడించి, చంటిపిల్లాడిలా విన్నాడు. ఆమెన్ అన్నాక కూడా కళ్లు తెరవలేదు. రెండేళ్లలో ఆయన మొహం అంత తేటగా ఆమె చూడలేదు. మంచిపనే చేశాననుకుంది.

వంటింట్లోకి వెళ్లి పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, "ఏవండీ, కాఫీ కలపనా?" అని కేకేసింది.

హాల్లోంచి ఆయన, "వద్దు తల్లీ," అన్నాడు.

ఆమె చేతిలో చెంచా ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో ఆయన పుష్పా అన్నాడు, తర్వాత ఒసేయ్ అన్నాడు, జాయ్స్ పుట్టాక జాయ్స్ వాళ్లమ్మా అన్నాడు. తల్లీ అని ఆమెని ఎప్పుడూ అనలేదు. అలా అన్నానని ఆయనకి తెలిసినట్టు కూడా లేదు.

తొంగి చూసింది. దేవకుమార్ పడకగదిలోంచి తన దిండూ దుప్పటీ తెచ్చుకుని, హాల్లో సోఫా మీద సర్దుకుంటున్నాడు. ఆ గొంతున్న గదిలో, ఆ గొంతు పక్కన, ఏ తండ్రి పడుకుంటాడు?

పిలవాలని నోరు తెరిచింది. ఎంత ప్రేమగా పిలిచినా, ఎంత ఏడ్చి పిలిచినా, లేచి వచ్చేది కూతురి దగ్గరికే. పుష్పకుమారి నోరు మూసుకుని, పొయ్యి కట్టేసింది.