జన్నత్ ఇచ్చిన దిరిసెన కాయ

రెజిమెంటల్ బజార్లో ఫొటో స్టూడియో నడిపే సుభాన్‌కు ఒక పిచ్చి ఉంది. చెట్ల నుంచి రాలిన ఎండుకాయలకు లెన్సు దాదాపు ఆనించి, నలుపు తెలుపుల్లో ఫొటోలు తీస్తాడు. ఆ పిచ్చిని పెంచి పోషించింది భార్య జన్నత్. దారిలో తురాయి కాయ కనబడినా, దిరిసెన కాయ కనబడినా కొంగున కట్టుకొచ్చేది. తన ఫొటో మాత్రం చచ్చినా తీయనిచ్చేది కాదు.

"నా మొఖంల ఏమున్నది? గీ కాయ జూడు, ఎంత సక్కగున్నదో" అనేది.

ఆధార్ కార్డు మీద ఒకటుంది గానీ, అది జన్నతేనంటే కన్నతల్లి కూడా ఒప్పుకోదు.

రంజాన్ పండగ ముందు సాయంత్రం, చేతికి పెట్టుకున్న మెహందీ ఆరకముందే, ఆమె ఒక దిరిసెన కాయ తెచ్చిచ్చింది. గిరాకీ హడావిడిలో సుభాన్ చూడనైనా చూడకుండా డబ్బాలో పడేశాడు. బక్రీద్ రాకముందే జన్నత్ గుండె ఆగిపోయింది.

నెలలపాటు కెమెరా ముట్టని మనిషి ఇవాళ ఆ డబ్బా తీశాడు. ఆమె చేతి కాయల్లో ఇదే ఆఖరిది. ఈ ఒక్క ఫొటో బాగా వస్తే చాలు, పెద్దది చేయించి గోడకు పెట్టుకుంటాడు. ఇంకేమీ అక్కర్లేదతనికి.

కాయను కళ్ళతో చూసే అలవాటు అతనికి ఎప్పుడో పోయింది. ఏదైనా కెమెరా నలుపు తెలుపుల తెర మీదే చూస్తాడు. కాయ నడుమ నల్లటి మరక, అందులో సన్నటి గీతలు. బూజనుకున్నాడు. ఊరివాళ్ళ మొహాల మీద మొటిమలు చెరిపి చెరిపి అలవాటు పడ్డ చెయ్యి ఊరుకుంటుందా? దూది తడిపి శుభ్రంగా తుడిచేశాడు. ఫొటో అద్భుతంగా వచ్చింది.

చాయ్ తెచ్చిన కూతురు ఆఫ్షీన్ తెర చూసి నిలబడిపోయింది.

"అబ్బూ, దీని మీద అమ్మీ బొటనేలు ముద్ర ఉండాలె గద?"

"ఏం ముద్ర?"

"మెహందీతోని నా ముందట్నే ఒత్తింది. 'మీ అబ్బుకు నా ఫొటో గావాల్నంట, గిదే నా ఫొటో, తీస్కోమను' అని ఒకటే నవ్వింది."



"బూజనుకున్న బిడ్డా" అని సుభాన్ గొణిగి, చెత్తబుట్ట బోర్లించి ఆ దూది వెతికాడు. ఇంకా తడిగానే ఉంది. ఏడుస్తూనే దాన్ని దీపం కింద పెట్టి లెన్సు సరిచేశాడు. ఎంత దగ్గరికి పోయినా ఒక్క గీత కూడా కనబడలేదు.