కిటికీలోంచి ఊరు

మాడిన పాలగిన్నె తోముతున్నాను. గిన్నె నాది కాదు, వంటిల్లు నాది కాదు, పాలు పొయ్యి మీద పెట్టి పేపర్లో తల దూర్చిన మనిషి నాకేమీ కాడు. కాడని నేననుకుంటే సరిపోతుందా. ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు. మొదటి బుధవారం "మీరు" అన్నాడు. రెండోసారి "చెల్లెమ్మా, మీరు". ఆ తర్వాత ఉత్త "నువ్వు". పిలుపు ఒక్కో మెట్టు దిగుతుంటే సింకులో గిన్నెలు ఒక్కో వరస పైకి లేచాయి.

"అదిగో చెల్లెమ్మా, ఎత్తుగా కనబడుతోందే, అది గడియార స్తంభం. దాని వెనక చెట్లున్న చోట నది. ఇటు కుడిపక్కకి రా, మ్యూజియం కప్పు కనబడుతుంది. చూశావా?"

"చూశాను అన్నయ్యగారూ."

"మరి? ఊరు చూపించలేదని క్లబ్బులో నా మీద చాడీలు చెప్పేవు" అని తనే నవ్వుకున్నాడు.

ఆయన బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయి ఏడాది దాటింది. కొత్తవాళ్ళ క్లబ్బు నాకు కుదిర్చిన జత ఆయనే.

క్లబ్బు సంగతి చెప్పాలి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు బిక్కుబిక్కుమంటూ ఇళ్ళల్లో పడి ఉండకుండా ఎవరో మంచివాళ్ళు పెట్టారట. శనివారం సాయంత్రాలు లైబ్రరీ మేడమీద హాల్లో కలుస్తారు. కుర్చీలు గుండ్రంగా వేస్తారు. కొందరు క్యారమ్స్ ఆడతారు, పాడేవాళ్ళు పాడతారు. అన్నిటికన్నా వాళ్ళు గొప్పగా చెప్పుకునేది ఈ జత. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ ఊళ్ళో పాతకాపు ఒకర్ని జత వేస్తారు. మూడు నెలలపాటు వారానికో రోజు పాతవాళ్ళు కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని ఊరు చూపించాలి. ఏ బస్సు ఎటు పోతుంది, కూరగాయలు ఎక్కడ తాజాగా దొరుకుతాయి, ఎండలో ఎక్కడ చల్లగా కూర్చోవచ్చు, ఇలాంటివి. మూడు నెలలు గడిస్తే కొత్తవాళ్ళు కూడా పాతవాళ్ళ కిందే లెక్క. కార్యదర్శి మేడం ఇదంతా చెప్పిన రోజు నాకు కలిగిన సంబరం నా పెళ్ళప్పుడు కూడా కలగలేదు.

ఎందుకంటే నేను చాలా ఊళ్ళలో బతికాను, ఒక్క ఊరూ చూడలేదు. మా ఆయన రోడ్ల ఓవర్సీరు. రెండు మూడేళ్ళకోసారి బదిలీ. ఆయన వేయించిన రోడ్ల మీద లారీలు పోయాయి, బస్సులు పోయాయి, మేకలు పోయాయి, నేను పోలేదు. ఊరు మారినప్పుడల్లా సామాను విప్పేదాన్ని, పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకునేదాన్ని, కుళాయి ఎప్పుడొస్తుందో పక్కింటావిడని అడిగేదాన్ని. అంతటితో ఆ ఊరు నాకు అయిపోయేది. ఒకసారి, పెద్ద సరస్సు ఉన్న ఊళ్ళో, ఒక్కసారి చూసొద్దామా అని అడిగాను. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. తల తిప్పకుండా అద్దంలోంచే నన్ను చూసి, "నువ్వు ఊరు చూసి ఏం చేస్తావే, ఊరు నిన్ను చూసి ఏం చేస్తుంది" అన్నాడు. పక్కనే ఉన్న మా అత్తగారు పొలమారేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు. ఆ సరస్సు మా ఇంటికి మూడు వీధుల అవతలే ఉందని బదిలీ అయి వెళ్ళిపోతున్నప్పుడు సామాను లారీ డ్రైవరు చెప్పాడు.

ఆయన పోయాక కొన్నాళ్ళు ఒక్కదాన్నే ఉన్నాను. అప్పుడే అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత అబ్బాయి వచ్చి ఈ ఊరు తీసుకొచ్చాడు. క్లబ్బులో చేర్చిందీ వాడే. "ఇంట్లో కూర్చుంటే ఆలోచనలు ఎక్కువవుతాయమ్మా, నలుగుర్లో పడు" అన్నాడు. నా కొడుకు తండ్రి పోలిక కాదని ఆ రోజంతా మురిసిపోయాను.

మొదటి బుధవారం కోడలు కొనిపెట్టిన బూట్లు వేసుకుని వెళ్ళాను. అబ్బాయి ఆఫీసుకి పోతూ కార్లో దింపాడు. మేనేజరు గారు తలుపు తీసి, నా బూట్లవైపు చూసి, "ఇవాళ మోకాలు కదలట్లేదండీ. ఊరెక్కడికి పోతుంది, వచ్చే వారం చూద్దాం. కూర్చోండి, టీ తాగుదాం" అన్నాడు. కూర్చున్నాను. టీ ఎంతకీ రాలేదు. వంటింట్లో డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు, మళ్ళీ పెడుతున్న చప్పుడు. చివరికి గుమ్మంలోకి వచ్చి, "టీపొడి ఎక్కడుంటుందో కాస్త చూస్తారా" అన్నాడు. ఆయన ఇంట్లో టీపొడి ఎక్కడుంటుందో నేను చూడాలట. చూశాను. చేతులకి అభిమానం ఉండదు. నేను వద్దనుకునే లోపే అవి డబ్బా మూత తీసేశాయి, గిన్నె కడిగేశాయి, పొయ్యి చుట్టూ ఎండిపోయిన మరకలు కూడా తుడిచేశాయి. ఆయన టీ తాగి, కళ్ళు మూసుకుని, "ఎన్నాళ్ళయిందో ఇలాంటి టీ తాగి" అన్నాడు. అంత మెచ్చుకోలుకే నేను పొంగిపోయాను. దాహంతో ఉన్నవాళ్ళు గ్లాసు శుభ్రంగా ఉందా అని చూడరు.

ఆ తర్వాత మోకాలు నయమైంది, ఎండ ముదిరింది. ఎండ తగ్గింది, ముసురు పట్టింది. ఆయన రోజూ పొద్దున్నే పార్కుకి నడిచి వెళ్ళి స్నేహితులతో పేకాడి వస్తాడని పనిమనిషి నా చెవిన వేసింది. మరో రెండు వారాలకి పనిమనిషి కనబడలేదు. అడిగితే, "ఒక వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళెందుకు చెల్లెమ్మా, మానిపించేశా" అన్నాడు, నాకేదో నగ చేయించినట్టు. బుధవారం ఒక్కటే అనుకున్నది శుక్రవారం కూడా అయింది. ఆయన వెళ్ళి శుక్రవారం మాట మా అబ్బాయితో మాట్లాడుకున్నాడు. నాతో కాదు.

ఊరు చూపించలేదని మాత్రం అనడానికి లేదు. నాలుగో అంతస్తు, సింకు పైనే కిటికీ. నేను తోముతున్నంతసేపూ వెనక నిలబడి వేలితో చూపిస్తాడు. ఒకరోజు, "మా ఆవిడకి కూడా ఈ కిటికీ అంటే ప్రాణం. ఇరవై ఏళ్ళు ఇక్కడే నిలబడి చూసేది. ఎక్కడికీ తీసుకెళ్ళమని ఒక్కనాడు నన్ను విసిగించలేదు" అన్నాడు. ఆ మాటకి నేను కిందికి చూశాను. సింకు ముందు, సరిగ్గా నేను నిలబడ్డ చోట, రెండు పాదాల మేర గచ్చు నునుపుదేలి రంగు పోయి ఉంది. నా కాళ్ళు అందులో కొలిచి పెట్టినట్టు సరిపోయాయి. గబుక్కున పక్కకి జరిగాను. మిగతా గిన్నెలన్నీ వంకరగా నిలబడి, నడుము నొప్పెడుతున్నా సరే, ఆ పక్కనుంచే తోమాను. ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడలేదు. ముందు గదిలో ఫొటో ఉంది కానీ దాని మీద ఆయన టోపీ తగిలిస్తాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అబ్బాయితో అన్నాను. "నేనింక ఆయనింటికి వెళ్ళనురా. మూడు నెలలు కావస్తోంది. నాకు ఊళ్ళో ఒక్క వీధి తెలీదు."

వాడు ఫోన్లోంచి తల ఎత్తలేదు. "ఒంటరి మనిషమ్మా. నాలుగు మెతుకులు వండి పెడితే నీ సొమ్మేం పోయింది. పుణ్యం కూడా."

అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాను. అమ్మ నడుము కొడుకు దానం చెయ్యడం ఇదే చూడటం.

"వండి పెట్టడానికి కాదుగా నన్ను చేర్చింది."

"నీకు కాలక్షేపం, ఆయనకి తోడు. ఇందులో తప్పేముంది? ఇంకో ఏడాది ఇలాగే సాగనిద్దామని ఆయన అడిగారు, నేను సరేనన్నాను. శనివారం అందరిముందూ అడుగుతారు. నువ్వు ఊ అంటే చాలు."

కోడలు ఆసుపత్రిలో బిల్లుల కౌంటర్లో పనిచేస్తుంది. పొద్దంతా జనం అరుపులు భరించి అప్పుడే వచ్చింది. ఆడది కదా, ఒక మాట సాయం చేస్తుందేమోనని చూశాను. "అత్తయ్యకి ఇష్టం లేకపోతే మానేయనివ్వండి" అంది. నేను ఊపిరి పీల్చుకునే లోపే, "ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి పాపని క్రెష్ మాన్పించేద్దాం" అంది. పెనం మీంచి పొయ్యిలోకి ఇంత మెత్తగా జార్చడం ఆ పిల్ల ఎక్కడ నేర్చుకుందో. ఇద్దరిలో ఎవరికీ నా మీద కోపం లేదు. అదే నాకు ఒళ్ళు మండించింది. కోపమైనా ఉంటే ఎదుట ఒక మనిషి ఉన్నట్టు. వీళ్ళు ఖాళీ అరలో సామాను సర్దుకున్నట్టు నా రోజుల్లో వాళ్ళ పనులు సర్దుకుంటున్నారు.

"క్లబ్బుకి మాత్రం వస్తాను" అన్నాను.

"ఆయన్ని కాదన్నాక క్లబ్బులో నీకేం పని? నిన్ను తీసుకెళ్ళి తీసుకురావడం నా వల్ల కాదు. ఒక్కదానివి వెళ్ళలేవు. ఆలోచించుకో" అన్నాడు. వాడి తండ్రి ఎప్పుడూ నాతో ఇంత మర్యాదగా మాట్లాడలేదు. మర్యాద ఒక్కటే తేడా.

శనివారం వచ్చింది. కుర్చీలు గుండ్రంగా వేశారు. మూడు నెలలు నిండిన జతలు ఒక్కొక్కటే లేచి ఎక్కడెక్కడ తిరిగారో చెప్పాలి. పళ్ళ డాక్టరు దగ్గర కొత్తగా పనిలో చేరిన అమ్మాయి, ఆమెకి జత అయిన రిటైరైన నర్సు ముందు లేచారు. బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా పోయారట, వానలో తడిసి ముద్దయ్యారట, తిరుగు దారి తప్పి ఎవరో ఇంటి అరుగు మీద కూర్చుని వాళ్ళిచ్చిన వేరుశనక్కాయలు తిన్నారట. ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పారు. అందరూ నవ్వారు. నాకు అసూయ వేసింది. దారి తప్పాలన్నా ముందు దారిలో పడాలి కదా.

మా వంతు వచ్చింది. మేనేజరు గారు ఇస్త్రీ చొక్కాలో లేచి నిలబడ్డాడు. ఆ చొక్కా కిందటి వారం నేను ఇస్త్రీ చేసిందే. "మా చెల్లెమ్మకి ఊరంతా చూపించాను. గడియార స్తంభం, నది, మ్యూజియం, ఒకటేమిటి. ఆమె చేతి వంట తిని నేను ఒక చుట్టు లావయ్యాను. చుట్టాలు పుడతారంటారు గానీ మాలాగా క్లబ్బుల్లో కూడా దొరుకుతారు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. కార్యదర్శి మేడం కళ్ళు తుడుచుకుంది. "మన క్లబ్బు పెట్టింది ఇందుకే. ఈ జత ఇంకో ఏడాది కొనసాగుతుందని వాళ్ళబ్బాయి కూడా చెప్పారు. ఏమ్మా, మీరూ ఊ అనేయండి."

అబ్బాయి గుమ్మం దగ్గర కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ నిలబడి ఉన్నాడు.

నేను లేచాను. "ఈయన నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళలేదు మేడం. ఆ మూడూ ఈయన సింకు పైన కిటికీలోంచి కనబడతాయి. నేను గిన్నెలు తోముతుంటే వేలుపెట్టి చూపించారు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మేడం ముఖం ఎర్రబడింది. "ఇలాంటివి నాతో విడిగా చెప్పుకోవాల్సింది కదమ్మా."

"విడిగా చెప్తే విడిగానే ఉండిపోతాయి."

"నోరారా చెల్లెమ్మా అని పిలిచినందుకు ఇదా?" అన్నాడు మేనేజరు గారు.

"నేనూ నోరారా అన్నయ్యా అనే పిలిచాను. గిన్నెలు తోమించుకోవడానికి చెల్లెలి వరస పనికొచ్చింది, నాలుగు అడుగులు వెంట నడవడానికి అన్న వరస పనికిరాలేదు."

ఆయన కూర్చోలేదు, నిలబడనూ లేదు, కుర్చీ చేతి మీద వాలిపోయాడు. నాకు జాలి వేసింది. ఆ జాలిని కూడా నేను నమ్మలేదు. అదే నన్ను మూడు నెలలు ఆ సింకు దగ్గర నిలబెట్టింది. అందుకని మేడం వైపే చూస్తూ చెప్పాను.

"కొత్తవాళ్ళకి పాతవాళ్ళు చూపించాలని కదా మీ పద్ధతి. ఈయన ఊరికి పాతవారే. ఆయన వంటింటికి మాత్రం కొత్తవారు. అన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండి టీపొడి డబ్బా ఏదో తెలీదు. మూడు నెలలు నేనే వెంట ఉండి చూపించాను. టీపొడి కింది అరలో ఎడమపక్క ఉంది, ఉప్పు దాని వెనక. పాలు పొంగే దాకా పొయ్యి దగ్గరే నిలబడాలి. ఈయనకి మూడు నెలలు నిండాయి. ఇక సొంతంగా తిరగొచ్చు."

ఈసారి నర్సు ఆపుకోలేదు. భుజాలు ఎగిరేలా నవ్వింది. మిగతావాళ్ళు తలలు దించుకున్నారు. చప్పట్లు మాత్రం ఎవరూ కొట్టలేదు. ముసలావిడకి నోరెక్కువ అని ఎవరో వెనక గొణిగారు. మేడం కాగితాలు సర్దుకుంటూ, "ఇంత జరిగాక మీకు ఇంకో జత దొరకడం కష్టమమ్మా" అంది. మెత్తగానే అంది. తలుపు మెత్తగా మూసినా మూసినట్టే. వచ్చే శనివారం నా కుర్చీ ఉంటుందో లేదో నాకు తెలీదు.

మెట్లు దిగేసరికి అబ్బాయి కారు స్టార్ట్ చేసి ఉన్నాడు. ముందు తలుపు లోపలినుంచే తోసి తెరిచాడు.

"ఎక్కు. పరువు తీశావు. ఇంటికెళ్ళి మాట్లాడదాం."

"నువ్వు వెళ్ళు నాన్నా. నేను తర్వాత వస్తాను."

"ఎలా వస్తావు? దారి తెలుసా నీకు?"

"తెలీదు."

"మరి?"

"అందుకే."

వాడు నా ముఖంలోకి చూశాడు. ఈ ఊరు తీసుకొచ్చాక వాడు నన్ను అలా చూడటం అదే మొదటిసారి. నేను తలుపు వేసేసి రోడ్డు దాటాను. కారు చాలాసేపు అక్కడే ఆగి ఉందని చప్పుడు వల్ల తెలుస్తోంది, తిరిగి చూడలేదు. బస్టాపులో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మా ఇంటివైపు ఏ బస్సు పోతుందో వాళ్ళని నేను అడగలేదు. ముందు వచ్చిన బస్సెక్కాను.