బండ కొట్టిన ఊఁ

బిల్డింగు పునాది కోసం తొలిచే ప్రతి గొయ్యి దగ్గరా, పొద్దున్నే డ్రిల్లు ఆపి, అడుగున బురద కడిగించి, అందరూ చెవులు రిక్కించేవాళ్లు. అసలు బండ తగిలితే అది కథ వింటున్నట్టు "ఊఁ" అనేది. అప్పుడు బండలోకి ఇంకొంచెం తొలిచి, ఇనుప చట్రం దించి, కాంక్రీటు పోసేవాళ్లు. అలా తయారైన స్తంభం కొంత అడుగుతో ఆనుకుని, కొంత చుట్టూ ఉన్న బండను కరుచుకుని, పైన లేచే ఇళ్ల బరువంతా బండకు అప్పగించేది.

మూల గొయ్యిలోంచి మాత్రం ఏమీ వినపడలేదు.

"ఇది బండ కాదు బావా, మట్టిలో ఇరుక్కున్న గుండు రాయి. ఇంకా కిందికి పోవాలి," అంది ఇంజనీరు. కాంట్రాక్టరు ఆమెకు సొంత అక్క మొగుడు.

"డ్రిల్లు పళ్లు అరిగిపోయాయి. అవతల లారీలో కాంక్రీటు గడ్డకడుతోంది. నీ చాదస్తంతో చంపకు."

"ఊఁ అనలేదుగా."

ఆయన గొయ్యి మీదికి వంగి తన గొంతుతోనే "ఊఁ" అన్నాడు. "అంది. పొయ్యండి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అడ్డం నిలబడితే మరదలని కూడా చూడకుండా గేటు బయటికి పంపించేశాడు. లారీ తొందరకు మనుషుల కొంప ముంచేవాళ్లను ఏమనాలి?

బిల్డింగు లేచింది. అంతస్తు లేచినకొద్దీ బావ నడుం వంగింది. ఊఁ అన్నవాడే మోయాలి కదా. మట్టిలో నడిస్తే చీలమండల దాకా దిగబడేవాడు. డాక్టరు వీపు నొక్కి చూసి, "ఏ మూల స్తంభం?" అని మాత్రం అడిగాడు. ఇంట్లో ఆయన నడుం పట్టిందని చెప్పుకున్నాడు. అక్క ఆ మూల స్తంభం మీది ఇంట్లోనే కాపురం పెట్టి, రోజూ ఆయన వీపుకు మందు రాసేది. ఆమె బీరువా జరిపితే ఆయన మూలిగేవాడు.

ఒకరోజు మరదలు నేరుగా భోజనాల బల్ల దగ్గరికే వచ్చింది. "పక్కన రెండు గోతులు తీసి, అసలు బండ దాకా స్తంభాలు దించి, బరువు వాటి మీదికి మళ్లిద్దాం."

"తప్పు చేశానని నలుగురికీ చాటడానికా? నేనే మోస్తున్నాగా, నీకేం?"

"నువ్వు పోయాక ఎవరు మోస్తారు? అక్కా? పిల్లలా? బండకు చావు లేదు బావా, నీకుంది."

మందు సీసాతో వచ్చిన అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. "ఆ ఊఁ మీరన్నారా? తెలిసే మమ్మల్ని దీని మీద పడుకోబెట్టారా?"

ఆయన తల వంచుకుని, "ఊఁ," అన్నాడు.

మర్నాడే కొత్త పళ్లతో డ్రిల్లు వచ్చింది. రెండు గోతుల్లోనూ బండ "ఊఁ" అంది. కాంక్రీటు బిగిశాక, మూల స్తంభం నెత్తినున్న దిమ్మెను వెడల్పు చేసి కొత్తవాటితో కలిపారు. బావ నడుం నిటారుగా నిలబడింది. ఆ సంబరంలో ఒక్క పరుగున మెట్లెక్కి వచ్చాడు.

"చూశావా? ఇక ఏ భయమూ లేదు," అన్నాడు.

అక్క బట్టలు మడతపెడుతోంది. అప్పుడే కాదు, ఆ తర్వాత కూడా, ఆయన ఏం చెప్పినా ఆమె ఊఁ కొట్టలేదు.