నాలుగు ఓమ్స్ పెట్టెలు

స్పీకర్లకి సరిపోయే రిసీవర్, అదే ఆంప్లిఫయర్, ఏరడంలో బెజవాడ మొత్తం మీద నన్ను మించినవాడు లేడు, ఈ మాట వేరే ఎవరూ అనలేదు, పోయిన శనివారం మా పెదనాన్న రామకోటేశ్వరరావు గారితో నేనే అన్నాను, ఆయన నమ్మారు, నమ్మి కారెక్కించుకుని షాపుకి తీసుకెళ్లారు, అక్కడ నేను ఏరిన రిసీవర్ ఇప్పుడు పటమటలో మా హాల్లో టీవీ కింద కూర్చుని, సౌండు కాస్త పెంచేసరికి టక్కున ఆరిపోతోంది, వారంలో ఇది నాలుగు వందలోసారి, సరే, నాలుగోసారి, ఆరిపోయినప్పుడల్లా పెదనాన్న నా వంక చూడకుండా స్పీకర్ల వంక అనుమానంగా చూస్తున్నారు, అదీ నా బాధ, ఎందుకంటే ఆ స్పీకర్లు చేసిన బాబ్జాన్ గారు ఇప్పుడే మెట్లెక్కి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, సంచీలోంచి మీటరు తీసి, తన టేకు పెట్టెల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

రావుగారూ, నా పనిలో లోపముంటే మొహమాటపడకండి, రెండు పెట్టెలూ ఆటోలో వేసుకుపోతా, ఇక చెక్క ముట్టను, అంటున్నారు, మూడేళ్ల కిందట చేసిన జత ఇది, దీని తర్వాత కంటి ఆపరేషన్ అయింది, చేతిలో ఇంకా పని ఉందో లేదో ఈ పెట్టెలే చెప్పాలట, అదేం మాటండీ బాబ్జాన్ గారూ, అని పెదనాన్న అన్నారు గానీ, అంటూనే, కాకపోతే రిసీవర్ కొత్తది కదండీ, మా చక్రి వెతికి వెతికి తెచ్చాడు, అని కూడా అన్నారు, వెతికి వెతికి, అవును, షాపులో ఏసీ కింద ఏడు నిమిషాలు వెతికాను, కౌంటర్లో లక్ష్మీకాంత్ అనే ఆయన, మీ స్పీకర్లు ఎన్ని ఓమ్స్ అండీ, అని అడిగాడు, ఎనిమిది అన్నాను, పెట్టె వెనక చూశారా అండీ, ఆరు కంటే తక్కువైతే ఈ మోడల్ వద్దండీ, కరెంటు ఎక్కువ లాగుతాయి, వేడెక్కి ఆగిపోద్ది, పై మోడల్ తీసుకోండి, అన్నాడు, చూడకుండా చెబుతామా అండీ, అన్నాను, ఆ గొంతు ఎంత గంభీరంగా ఉందంటే నేనే నమ్మేశాను, నిజానికి ఆ పెట్టెలు గోడకి ఆనుకుని ఉంటాయి, ఒక్కోటి జరపాలంటే గన్నవరంలో విమానాలు లాగే బండి తెప్పించాలి, వీడియోల్లో అందరి స్పీకర్లూ ఎనిమిదే, మావి మాత్రం ఎందుకు కాకూడదు.

మొదటిసారి ఆరిపోయినప్పుడు నేరం కవరు మీద వేశాను, మా పెద్దమ్మ సుబ్బరత్నం మిక్సీకి, ఫ్రిజ్ పిడికి, రిమోట్‌కి కవర్లు కుడుతుంది, పెదనాన్న ఓ పూట కదలకుండా కూర్చుంటే ఆయనకీ కుట్టేస్తుంది, రిసీవర్‌కి మంగళగిరి చీర ముక్కతో అంచు పెట్టి మరీ కుట్టింది, గాలాడక ఆగిపోయింది పెద్దమ్మా, అన్నాను, నాకేం తెలుసురా, దుమ్ము పడుద్దని కుట్టా, అని మారుమాట్లాడకుండా తీసి మడతపెట్టుకుంది, మర్నాడు కవరు లేకుండానే ఆరింది, అప్పుడు వోల్టేజీ అన్నాను, మూడోసారి ఆరాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోను గోడ సందు పైన పట్టుకుని, ఫ్లాష్ వేసి ఫోటో తీశాను, పెట్టె వెనక తెల్ల పెయింటుతో నాలుగు అంకె, పక్కన ఓమ్స్ గుర్తు, అది శుక్రవారం, ఇవాళ ఆదివారం, ఈ రెండు రోజుల్లో నేను చెప్పగలిగిన సందర్భాలు సుమారు పదకొండు వేలు, ప్రతిసారీ ఏదో ఒకటి తినడానికి వెళ్లిపోయాను.

పెట్టె పక్కనున్న స్క్రూలకి తగిలించగానే మీటరు ముల్లు ఊగి ఆగింది, మూడున్నర, రెండోదీ మూడున్నరే, లోపల కాయిల్ కాలలేదు, చల్లగా ఉంది, నాలుగు ఓమ్స్ పెట్టెకి ఇంతే చూపించాలి, అని బాబ్జాన్ గారు అన్నారు, హమ్మయ్య, కాలలేదు, ఊపిరి కాస్త వదిలాను, కానీ మిగతాది వదిలేలోపే పెదనాన్న, నాలుగేంటండీ, ఎనిమిది కదా, వెనక మీరే ఎనిమిదని రాశారట, చక్రి చూశాడు, అనేశారు, ఎనిమిదని రాశానా, అని బాబ్జాన్ గారు మీటరు కింద పెట్టారు, నాకు నాలుగనే గుర్తు, అప్పటికే చూపు మసక రావుగారూ, రాసుంటా, పెట్టింది ఒకటి రాసింది ఒకటి, పెద్ద తూము పెట్టి చిన్న తూమని చెప్పినట్టు, చిన్న కాలవ మీద పెద్ద తూము తెరిస్తే కాలవ ఏం తట్టుకుంటుంది, మీ రిసీవర్ తప్పేం లేదు, పెట్టెలు తీసుకెళ్లిపోతా, అంటున్నారు, అంటూ వైర్లు విప్పడం మొదలెట్టారు, ఆ వేళ్లు వణకడం లేదు, ఒక్కో స్క్రూ ఎంత శుభ్రంగా తిప్పుతున్నారో, ఈ చేతినా ఆయన అనుమానిస్తున్నది, చెప్పరా చక్రీ, ఇప్పుడైనా చెప్పు, తినడానికి కూడా ఏం లేదు.

నేను నోరు తెరిచేలోపు ఆయన పెట్టెని ఓ మూల నుంచి కొద్దిగా తిప్పి, టార్చి వేసి, వెనక్కి వంగారు, మూడేళ్ల బూజు, పెట్టెకీ గోడకీ మధ్య, ఎక్కడా తెగకుండా, ఆ బూజు వెనక తెల్లగా నాలుగు, ఇది ఎవరూ జరపలేదు రావుగారూ, అని మెల్లగా అని, తల తిప్పి నన్ను చూశారు, కోపం లేదు, ఆ కళ్లలో ఏదో తిరిగొస్తోంది, బాబూ, నువ్వు ఏ వైపు నుంచి చూశావు, అని అడిగారు, పెదనాన్న కూడా చూస్తున్నారు, వంటింటి గుమ్మంలోంచి పెద్దమ్మ చూస్తోంది, పరువు పోవడం ఇంత తేలిగ్గా ఉంటుందని శుక్రవారమే తెలిసుంటే అప్పుడే పోగొట్టుకునేవాణ్ణి, ఏ వైపు నుంచీ చూడలేదండీ, అన్నాను, షాపులో ఊరికే చెప్పాను, ఎనిమిది నేను కల్పించిందే పెదనాన్నా, మార్చుకోవడానికి ఇంకా మూడు రోజులుంది, పద, ఆ పై మోడల్ తెచ్చుకుందాం, తర్వాత బాబ్జాన్ గారి వైపు తిరిగి, రెండ్రోజుల కిందట పైనుంచి ఫోను పట్టి మాత్రం చూశానండీ, నాలుగు చాలా స్పష్టంగా రాశారండీ, అన్నాను.