వాషింగ్ మిషన్ కింద ముక్క

బట్టలు వేసి మీట నొక్కితే మిషన్ చప్పుడే చెయ్యలేదు. రోజూ గదంతా అదరగొట్టే ఆ మహాతల్లి ఇవాళ బుద్ధిగా తిరుగుతోంది. ఆమె అనుమానమొచ్చి వంగి చూసింది. ముందుకాలి కింద నల్లటి ఫోమ్ ముక్క. అది తనదే. మిగతా సగం చెత్తబుట్టలో ఉంది.

రేసుకార్ల ఇంజన్లలోకి గాలి నెట్టే టర్బోలు దెబ్బతినకుండా పెట్టెలు తయారుచెయ్యడం ఆమె ఉద్యోగం. లోపలి రెక్కలు గోరంత మందం. ఒక్కటి వంగిందా, ఇంజను గోవిందా! పెట్టెని ఎత్తునుంచి మూలమీద పడేలా వదిలి పరీక్షిస్తారు. రెండుసార్లు పరీక్ష పోయింది. ఈసారి లోపలి ఫోమ్‌ని నిన్న ఆదివారమంతా వంటకీ గిన్నెలకీ మధ్య తన చేత్తోనే చెక్కి బీరువా మీద దాచుకుంది. ఇవాళ కొనేవాళ్ళ ముందు ఆఖరి పరీక్ష. పోతే ఆ పని ఇంకొకరికి, ఆమె మళ్ళీ లేబుళ్ళు అంటించే బల్ల దగ్గరికి.

"మీరేనా దీన్ని కోసింది?" అంది భర్తతో.

"పెట్టెలో కుక్కే చెత్తేగా! ఇంకోటి తెచ్చుకో." ఫోన్లోంచి తలెత్తలేదు. "ఇన్నాళ్ళకి నీ ఉద్యోగం ఇంటికి పనికొచ్చింది."

అత్తగారు నవ్వారు. "పోనీలేమ్మా, చప్పుడు పోయింది. ఎంత హాయిగా ఉందో చూడు!"

హాయి! ఈ ఇంట్లో హాయికేం తక్కువ, వాళ్ళకి? మామగారి మందులు, ఆయనగారి చొక్కా బొత్తాం, ఆడపడుచు పురుళ్ళు, ఏది కదిలినా కింద దూరి మోసింది తనే. "మా ఆవిడ డబ్బాల డాక్టరు" అని స్నేహితుల ముందు ఆయన అంటే అందరూ పగలబడి నవ్వేవారు. తనూ నవ్వుతూనే కాఫీలు అందించేది, సిగ్గులేకుండా. ఇప్పుడు ఏడుపు కూడా రావడం లేదు.

బాల్కనీలోకెళ్ళి అమ్మకి ఫోన్ చేసింది. "ఇక నా వల్ల కాదమ్మా."

"చెయ్యి చేసుకున్నాడా?"

"లేదు."

"తాగొచ్చాడా?"

"లేదమ్మా. నేను చెక్కిన ఫోమ్ కోసేశాడు."

"ముక్కకేనా తల్లీ ఇంత రాద్ధాంతం? సర్దుకుపో."

ఫోమ్ సంగతి తనకి తెలిసినంతగా అమ్మకేం తెలుసు? బరువు కింద నలిగీ నలిగీ ఒకరోజు అణిగిపోతుంది. పైకి బాగానే కనిపిస్తుంది గానీ మళ్ళీ లేవదు. ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటే తనూ లేవదేమో.

మిషన్ ఆపి, ఒక పక్కకి వంచి ముక్క లాగింది. అట్టలా అయిపోయింది. రెండు జతల బట్టలతో పాటు దాన్నీ సంచిలో వేసుకుంది. ఆఫీసుకెళ్ళి ఇవాళ పరీక్ష జరగదని తన నోటితోనే చెప్తుంది. గడువిస్తే ఇంకోటి చెక్కుతుంది, ఇవ్వకపోతే లేబుళ్ళే అంటిస్తుంది. మిషన్ మీట మళ్ళీ నొక్కి గుమ్మం దాటింది.

బస్టాపు చేరేసరికి భర్త ఫోన్. "ఎక్కడ చచ్చావ్? మిషన్ గదంతా నడుస్తోంది, గోడ పగిలేట్టుంది! కిందది తీసేశావా?"

"తీసేశాను."

"మరిప్పుడు దాని కింద ఏం పెట్టను?"

బస్సొచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాకే జవాబిచ్చింది.

"ఏదో ఒకటి వెతుక్కోండి. నేను మాత్రం ఇక దొరకను."