వాగు మంచు

మా ఊళ్లో ఇల్లాలి పనితనం ఆమె ఇంటి మంచులో తెలుస్తుంది. నవంబరులో సరస్సు గట్టిపడగానే మగవాళ్లు దిమ్మెలు కోస్తారు. చలికాలం పొడవునా కరిగించి తాగేది అదే. ఏ దిమ్మె ఇంటికి రావాలో మాత్రం ఆడవాళ్లే చూస్తారు. బుడగ కనిపిస్తే పక్కన పెడతారు, రంగు తగిలితే పశువులకు వదిలేస్తారు. మా అత్తగారు బల్బారా ఎంచిన దిమ్మెలో అవతలి మనిషి మొహం కనిపిస్తుందని ఊరంతా అంటారు. ఆ మాట మొదట అన్నది మాత్రం మా అత్తగారే.

అలాంటి ఇంటి బులూసులోకి తుయారా మూడు వాగు మంచు దిమ్మెలు దించింది. బులూసు మా పెరట్లో, ఎన్నడూ కరగని నేలలోకి తవ్విన కొట్టు. మాంసం, చేపలు, తాగే మంచు అన్నీ అందులోనే ఉంటాయి.

తుయారా యాకుత్స్క్ నగరంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. చలికాలమంతా మా ఇంట్లో ఉండి, ఊరి వెనక నల్లవాగును కనిపెట్టి చూసింది. ఆ వాగు ఎగువన కొండవాలు కరిగి జారుతోంది. వేల ఏళ్ల కిందట గడ్డకట్టిపోయిన గడ్డి, వేళ్లు మట్టితో పాటు నీళ్లలోకి వచ్చి పడుతున్నాయి. అందుకే ఆ నీళ్లు డికాషన్ రంగు. ఆ పాత కార్బన్‌లో ఎంత సముద్రం దాకా పోతోంది, ఎంత వాగులోనే కుళ్లి గాలిలో కలుస్తోంది అన్నది ఆమె ప్రశ్న. చలికాలంలో వాగు మీద మంచు మూతపడుతుంది. కింద వాగు వదిలే ఊపిరి ఆ మంచులో బుడగలై, పొరలు పొరలుగా చిక్కుకుంటుంది. పై పొర అక్టోబరుది, అడుగు పొర మార్చిది.

"నా చలికాలం మొత్తం ఇందులో ఉందక్కా," అంది తుయారా, సన్నని స్తంభాల్లా కోసిన ఆ దిమ్మెల పై కొసకు ఎర్రదారం కడుతూ. గడ్డకట్టిన నది మీదుగా వెళ్లే ఆఖరి లారీ తెల్లవారి వస్తుంది. వాటిని కరగకుండా దానిలో ఎక్కించాలి.

అత్తగారు అప్పుడు మా ఆడపడుచు ఇంట్లో ఉన్నారు. ఆ దిమ్మెల సంగతి ఫోన్‌లో చెప్పమని మా ఆయన సెమ్యోన్‌కు ముందే చెప్పాను.

ఆ మధ్యాహ్నం తుయారా, నేను వాగు దగ్గరి సామాన్లు సర్దుకుని వచ్చేసరికి అత్తగారు వాకిట్లో నిలబడి ఉన్నారు. ఎవరిదో బండి దొరికిందని ముందే వచ్చేశారట.

"ఏం కోడలా, నేను నాలుగు రోజులు లేకపోతే ఇంటి పరువు వాగులో కలిపేశావా?"

"ఏమైంది అత్తయ్యా?"

"ఏమైందా! బులూసులోకి దిగితే ఆవు మూత్రం రంగు మంచు! నా మంచుకు ఆనించి మరీ పెట్టావు! సాయంత్రం మత్ర్యోనా టీకొస్తోంది. మాంసం తియ్యడానికి నా వెనకే కిందికి దిగుతుందది, దాని సంగతి నీకు తెలీదూ? రేపటికి ఊరంతా చెప్తుంది, బల్బారా ఇంట్లో వాగు నీళ్లు తాగుతున్నారని."

"ఆ మంచు ఎక్కడుందత్తయ్యా?"

"పగలగొట్టి పశువుల కాగులో వేశాను. అవి కూడా మొహం తిప్పుకుని తాగాయి."

తుయారా పశువుల కొట్టంలోకి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. కాగు అడుగున కాసిన్ని గోరువెచ్చని గోధుమరంగు నీళ్లు, వాటిలో ఎర్రదారం. ఆ పిల్ల పాలు పితికే పీట మీద కూర్చుని, చేతి తొడుగులు కూడా తియ్యకుండా ఆ దారాన్నే చూస్తూ ఉండిపోయింది.

సెమ్యోన్ గుమ్మంలో తచ్చాడుతున్నాడు.

"అమ్మకు చెప్పలేదా?" అన్నాను.

"చెబుదామనే చేశాను. అమ్మేమో చెల్లి పిల్లల దగ్గు గురించి మొదలెట్టింది. దగ్గు అయ్యేసరికి ఫోను కట్టయింది."

అత్తగారికి నేనే చెప్పాను, నాకు అర్థమైనంత. ఆవిడ నమ్మలేదు.

"బుడగల మంచు చదువుకా? చదువుకైతే మాత్రం మంచిది కోసుకోవచ్చు కదా!"

"మంచిదాంట్లో ఏమీ ఉండదవ్వా," అంది తుయారా, కొట్టం గుమ్మంలోకి వచ్చి. "వాగు కింద ఏం కుళ్లుతోందో బుడగల్లోనే తెలుస్తుంది."

"ఏం కుళ్లుతుంది?"

"కొండలోపల గడ్డకట్టి ఉన్నదంతా. పాత గడ్డి, పాత వేళ్లు. మన పూర్వీకులు ఇక్కడికి రాకముందువి."

అత్తగారు కొండ వైపు చూశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "అంటే, నేల తన బులూసు తలుపు మూసుకోలేకపోతోందన్నమాట."

"అంతే అవ్వా."

"ఎవరూ చెప్పలేదే నాకు." సెమ్యోన్ వైపు ఒక చూపు చూశారు. "బండి తియ్యరా. రంపం పెట్టు. పొద్దుందిగా ఇంకా."

"మత్ర్యోనా అత్త వస్తుందన్నావు?"

"వస్తే రానీ. కుక్క ఉంది, పలకరిస్తుంది."

సెమ్యోన్ మోటారు మంచుబండి వెనక స్లెడ్జి కట్టుకుని వాగుకు వెళ్లాం. మొదట కోసిన మడుగులో నీళ్లు పైకి పొంగి మళ్లీ గడ్డకట్టి, అక్కడి మంచు పాడైపోయింది. తుయారా ఇంకో మడుగు చూపించింది. అత్తగారు నేతిలో వేయించిన అలాజీ అట్టు ముక్క వాగుకు నైవేద్యంగా ఒడ్డున పెట్టి, ఏదో గొణిగి, చీపురు అందుకున్నారు. ఆవిడ పొడిమంచు ఊడ్చిన చోటల్లా కింద గడ్డ గాజులా తేటగా ఉంది.

"ఇదిగో, ఇక్కడ కొయ్యి."

"అది వద్దవ్వా, నాకు కావాల్సింది ఇంకా చెడ్డది."

"ఇదీ?"

"ఇంకా చెడ్డది."

"డెబ్భై ఏళ్లుగా మంచిది ఏరిన కళ్లే ఇవి. ఒక్క పూటలో ఎలా మారతాయి!" అని విసుక్కుంటూనే అవతలి గట్టు దాకా ఊడ్చారు. అక్కడ మంచు టీ రంగులో ఉంది. తెల్లని బుడగలు నాణేలు పేర్చినట్టు ఒకదాని కింద ఒకటి దిగిపోయాయి. "ఛీ, ఇంత దరిద్రపు మంచు నేనెక్కడా చూళ్లేదు."

"ఇదే!" తుయారా మోకాళ్ల మీద కూలబడి నవ్వింది. ఆ మధ్యాహ్నం మొదటిసారి నవ్వింది. ఆ అంచున ఒక బుడగను సూదితో పొడిచి అగ్గిపుల్ల చూపించింది. గుప్పున మంట లేచి ఆరిపోయింది. అత్తగారు వెనక్కి ఒక అడుగు వేశారు. తర్వాత, ఇంట్లో పొయ్యిలోని నిప్పుకు నైవేద్యం పెట్టినట్టే, చేతిలో మిగిలిన అలాజీని తుంచి ఆ రంధ్రం పక్కన పెట్టారు.

మూడు స్తంభాలూ కోసి, పైకొసలకు దారం కట్టి స్లెడ్జి మీదికి ఎక్కించేసరికి పొద్దు వాలింది. ఊళ్లోకి మత్ర్యోనా ఇంటి ముందు నుంచే రావాలి. నేను గోనెపట్టాలు కప్పాను.

మా ఇంటికి వెళ్లి కుక్కతో మాట్లాడి వచ్చినట్టుంది, మత్ర్యోనా తన గేటు దగ్గరే నిలబడి ఉంది.

"టీకి పిలిచి ఎక్కడికి పారిపోయావే బల్బారా? ఏముంది ఆ గోనెల కింద?"

సెమ్యోన్ బండి ఆపకుండా పోదామని చూశాడు. అత్తగారు కొడుకు భుజం మీద కొట్టి ఆపించారు. స్వయంగా దిగి పట్టా తీశారు.

"వాగు మంచు. ఈ ఊళ్లో ఇంతకంటే మురికి మంచు దొరికితే నాకు చూపించు."

మత్ర్యోనా వంగి చూసింది. నవ్వడానికి నోరు తెరిచింది. "నీ బులూసులోకా ఇది? కలికాలం!"

"ఈ రాత్రికి నా బులూసులోనే, నా మాంసం పక్కనే. కొండ కరుగుతోందట. ఈ పిల్ల దాని లెక్క పట్టుకెళ్తోంది. చెప్పుకో ఊరంతా."

మత్ర్యోనా నవ్వలేదు. చాలాసేపు ఆ బుడగలనే చూసింది. పట్టా అంచు తనే అందుకుని మంచు మీదికి లాగింది.

"మా బులూసులో గోడ కారుతోంది," అంది నేల చూస్తూ. "రెండు వేసవులుగా. మాంసం వాసనేస్తోంది. అందుకే ఎవర్నీ దిగనివ్వట్లేదు."

"అదా! నేను పిసినారితనమనుకున్నాను."

"అది కూడా ఉందిలే."

తెల్లవారి లారీ వచ్చింది. అత్తగారు తన గుర్రపుతోలు దుప్పటి తెచ్చి దిమ్మెలకు చుట్టారు. "పెళ్లికూతురా ఏంటమ్మా?" అన్నాడు డ్రైవరు. "పెళ్లికూతురైతే గతుకుల్లో పడినా లేచి కూర్చుంటుంది, ఇది కూర్చోదు. మెల్లగా పో," అన్నారు. తుయారా ఆవిడను వాటేసుకుని వదల్లేదు. లారీ నది మలుపు తిరిగేదాకా మేం నిలబడ్డాం.

తర్వాత మత్ర్యోనా ఇంటి మాంసం మూటలు మా బులూసులోకి దించాం. దిమ్మెలు ఉన్న చోటు సరిగ్గా సరిపోయింది. నేను దీపం పట్టుకున్నాను. మిగతావాళ్లంతా పైకి వెళ్లాక అత్తగారు ఆగి, చేతి తొడుగు తీసి, గోడకు అరచెయ్యి ఆనించారు. వెనక్కి తీసుకుని దీపం వెలుగులో చూసుకున్నారు.

"పొడిగానే ఉంది," అన్నారు. మళ్లీ ఇంకోచోట ఆనించి చూశారు.