విప్పిన ఇంటి జాలీ

ఆ వారం నేను చేయవలసిన పనులు డైరీలో ఇలా రాసుకున్నాను.

ఆదివారం ఊరికి వెళ్లాలి.
సోమవారం పొద్దున్నే, నాన్నవాళ్లు పని మొదలుపెట్టకముందే, బజారువీధి మేడ గుమ్మం పైనున్న జాలీని కాగితం మీదికి దించుకోవాలి.
అమ్మకు మోకాళ్ల నొప్పి మాత్రలు.
బుధవారానికల్లా బొమ్మ పూర్తిచేసి పనిశాలలో ఇవ్వాలి.
కార్డు మీదికి నాలుగు వాక్యాలు.
శుక్రవారం కొనేవాళ్ల ముందు తడబడకుండా మాట్లాడాలి.
కార్డు సంగతి నాన్నకు చెప్పాలి.

ఆఖరిదాన్ని రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాశాను.

నేను నగలు తయారుచేసే కంపెనీలో డిజైనర్ని. అప్పటికి ఇంకా పూర్తి డిజైనర్ని కాదు, ఆరు నెలల గడువు మీద తీసుకున్న ట్రైనీని. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. కాబట్టి ఆ ఉద్యోగం ఖాయమవుతుందా లేదా అన్నది నా ఒక్కదాని సంగతి కాదు. అమ్మయితే ఖాయమైపోయిందని వీధంతా చెప్పేసింది కూడా.

మా మేడం ట్రైనీలందరికీ ఒకటే పని ఇచ్చింది. ఎవరి ఊళ్లో పాత కట్టడాన్ని వాళ్లు చూసి, అందులోంచి ఒక హారం తేవాలి. ముందు వెండిలో నమూనా చేస్తారు, నచ్చితే బంగారంలోకి వెళుతుంది. హారం పక్కన చిన్న కార్డు ఉంటుంది. ఆ కట్టడానికీ డిజైనర్‌కీ ఉన్న అనుబంధం అందులో రాయాలి. కొనేవాళ్లు నగతోపాటు కథను కూడా ఇంటికి తీసుకెళ్తారని మేడం నమ్మకం.

నాకు వెంటనే తోచింది బజారువీధి మేడ. దాని గుమ్మం పైన అరచక్రంలా సున్నపు గచ్చుతో చేసిన జాలీ ఉంది. నడుమ ఎనిమిది రెక్కల పువ్వు, చుట్టూ ఆకులు, అంచున చిన్న చిన్న గుండ్రాలు. అన్నీ గాలీ వెలుతురూ రావడానికి వదిలిన కన్నాలే. ఒకప్పుడు ఆ వీధిలో ఇంటింటికీ ఇలాంటిది ఉండేది. ఇప్పుడు ఆ ఒక్కటే మిగిలింది. మిగతావి ఏమయ్యాయని నేను ఎవరినీ అడగనక్కర్లేదు. పాత ఇళ్లు తీసేయడమే మా నాన్న పని. ఆ మేడ కూడా ఆ సోమవారం నుంచే ఆయన చేతికి వచ్చింది.

కార్డు మీద నేను మొదట రాసిన వాక్యం: "మా ఊరి పాత ఇళ్ల నీడలో పెరిగాను." చదువుకోవడానికి బాగానే ఉంది. అయినా రాసినప్పటినుంచీ చెప్పులో రాయి పడ్డట్టే ఉంది నాకు.

సోమవారం తెల్లవారగానే నాన్నతోపాటు మేడకు వెళ్లాను. లోపల సామాను ఎప్పుడో ఖాళీ చేశారు. ముందు గదిలో గోడకు బీరువా ఉన్నంత మేర రంగు మాసిపోకుండా ఉంది. మెట్ల మలుపులో పిల్లలెవరో ఎత్తు కొలుచుకున్న పెన్సిల్ గీతలు. నాన్న అవేవీ చూడలేదు. ఏ దూలం కింద ఎంత బరువుందో చూస్తూ గదులన్నీ తిరిగి వచ్చి, గుమ్మానికి నిచ్చెన వేశాడు.

"ఎక్కు అమ్మడూ. ఎనిమిదింటికి మనుషులొస్తారు. ఈలోగా నీ చదువు కానియ్."

కాగితం జాలీకి అదిమిపెట్టి బొగ్గుతో రుద్దాను. కన్నాల మధ్యనున్న గచ్చు కాడలు నల్లగా, కన్నాలు తెల్లగా పడ్డాయి. నాన్న కింద నిచ్చెన పట్టుకునే ప్రతి కాడ వెడల్పూ చెప్పమన్నాడు. నేను అంగుళాల్లో చెబితే ఒప్పుకోలేదు, నూళ్లలో కావాలన్నాడు. అంగుళానికి ఎనిమిది నూళ్లు. నాకు కొలతలు నేర్పింది ఆయనే. విప్పిన తలుపు ఇంకో ఇంటికి ఎక్కాలంటే నూలు తేడా రాకూడదని చిన్నప్పటినుంచీ చెప్పేవాడు. విప్పడం అనే అంటాడాయన. పడగొట్టడం అని ఎవరైనా అంటే ముఖం మాడ్చుకుంటాడు. పడగొట్టేది యంత్రమట. తాము విప్పుతారట, పైనుంచి కిందికి, కట్టినవాడు ఎక్కినట్టే తాము దిగుతారట.

టీ తాగేటప్పుడు కార్డు సంగతి చెప్పాను. కాగితం తీసుకుని, గోరు లేని ఎడమ చూపుడువేలు ఆనించి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"నీడలో పెరిగానని రాశావేంటి? నువ్వు బడి నుంచి నా పని దగ్గరికొచ్చేసరికి ఏ ఇంటికీ పైకప్పు ఉండేది కాదుగా."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత కాగితం మడిచి నా చేతిలో పెడుతూ అడిగాడు.

"ఇందులో నేనెక్కడున్నాను?"

రాస్తానని మాటిచ్చాను. ఆయన గ్లాసు కడిగి బోర్లించి పనిలోకి వెళ్లిపోయాడు. బస్సెక్కేటప్పటికి మేడ పైఅంతస్తు పెంకులు సగం కిందికి దిగాయి. జాలీ ఇంకా అలాగే ఉంది. గచ్చుతో చేసింది ఊడదీస్తే పొడిపొడే అవుతుందని, దాన్ని చివర్న తీస్తానని నాన్న చెప్పాడు. బస్సులో ఒకచోట కూర్చోలేకపోయాను. సీటు రెండుసార్లు మారాను. ఒళ్లో ఉన్న బొగ్గు కాగితం చెమటకు చెరిగిపోతుందేమోనని ఒక భయం, మాటిచ్చిన వాక్యం మేడం ఒప్పుకుంటుందా అని ఇంకొకటి.

మా పనిశాలలో రంపం పని చేసేది ఆకురాయి బాబాయి. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. వెండిని ఎంత అరగదీస్తాడో మనుషుల్నీ అంతే అరగదీస్తాడని ఆ పేరు పెట్టారు. ఆయన నన్ను డిగ్రీ అని పిలుస్తాడు. ముప్పై ఏళ్లుగా ఒకే బల్ల. బల్ల కింద తోలు జోలె కట్టి ఉంటుంది. కోసిన ముక్కా, రాలిన పొడీ అన్నీ అందులోనే పడాలి, మళ్లీ కరిగించడానికి.

అయిదడుగుల జాలీ నాలుగంగుళాలకు దిగాలి, అంటే పదిహేనో వంతు. ప్రతి కాడనూ సరిగ్గా పదిహేనో వంతుకే గీశాను. బుధవారం ఆ బొమ్మ బాబాయి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నాడు.

"డిగ్రీ, ఇక్కడ మిల్లీమీటరు కూడా లేదు. కాడలు లావు చెయ్యి."

"కొలత మారదు బాబాయ్. ఆ ఇంటి మీద ఎలా ఉందో అలాగే రావాలి."

"ఇల్లయితే కదలకుండా నిలబడుతుంది. మెడ నిలబడుతుందా? తిరుగుద్ది, వంగుద్ది, పక్కావిడ చీర చూస్తుంది."

బల్లల దగ్గర అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. మా నాన్న దగ్గరుండి కొలిపించాడు, నూలు తేడా లేదు అన్నాను. ఆ మాటతో బాబాయి కళ్లద్దాలు మళ్లీ కిందికి దించుకున్నాడు. తండ్రి పేరు చెప్పిన పిల్లతో వాదన పెట్టుకోవడం ఆయనకు ఇష్టం ఉండదేమో. రంపం బిగించి పని మొదలుపెట్టాడు.

గురువారం పదిగంటలకు జాలీ తయారైంది. ఎంత బాగుందంటే, ఆ గుమ్మం ముందు నిలబడినట్టే అనిపించింది. మేడం వచ్చి, గొలుసు తగిలించమని, పైకెత్తి చూసింది. ఎత్తగానే పువ్వు దగ్గర కాడ ఒకటి వంగింది. సరిచేయబోతే విరిగింది. దాని బరువు పక్కదాని మీద పడి అదీ విరిగింది. మేడం చేతిలో అరచక్రం రెండు ముక్కలై వేలాడింది.

"నా చేతిలో అరుగుదల ఎక్కువైంది మేడం," అన్నాడు బాబాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. నేను గీసినట్టే ఆయన కోశాడని, ముందే చెప్పినా వినలేదని, తప్పు నాదేనని చెప్పాను. మేడం నన్నొకసారి, ఆయన్నొకసారి చూసింది. రేపు మధ్యాహ్నం రెండుగంటలకు కొనేవాళ్లు వస్తారని, అప్పటికి వాళ్లకు చూపించే నా ట్రేలో ఏదో ఒకటి ఉంటే సరి, లేకపోతే ఆ ట్రే తీసేస్తానని చెప్పి వెళ్లిపోయింది. ట్రే తీసేయడమంటే నన్ను తీసేయడమేనని అక్కడ అందరికీ తెలుసు.

మెట్ల దగ్గరికి వెళ్లి నాన్నకు ఫోన్ చేశాను. వెనకాల గోడ విప్పుతున్న చప్పుడు. నేను చెప్పిందంతా విని ఒకే ప్రశ్న వేశాడు.

"మందం ఎంత పెట్టావు?"

వెండి రేకు ఎంత మందమో అంతేనని చెప్పాను.

"ఆ గచ్చు మందం నాలుగు వేళ్లు. కాడ సన్నమైనా నిలబడిందంటే లోపలి మందం వల్ల. నువ్వు ముఖం కొలిచావు అమ్మడూ, ఒళ్లు కొలవలేదు. నేనూ కింద నిలబడి అడగడం మర్చిపోయాను."

ఇంకా ఏం మిగిలిందని అడిగాడు. కోసినప్పుడు రాలిన పువ్వు రెక్కలు, ఆకులు తప్ప ఇంకేమీ లేవని, అవి కూడా కరిగించేస్తారని చెప్పాను.

"అయితే అసలు పనే మిగిలింది కదా," అన్నాడు నాన్న.

అప్పుడు చెప్పాడు. ఆ జాలీలు గచ్చును తొలిచి చేసినవి కావట. కన్నం ఏ ఆకారంలో ఉండాలో ఆ ఆకారంలో ముందు చెక్కముక్కలు చెక్కుతారు. వాటిని చట్రంలో పేర్చి, మధ్యలో గచ్చు కూరతారు. సగం ఆరాక చెక్కముక్కలు లాగేస్తారు. అంటే చేసినవాడు చేత్తో చెక్కింది కాడల్ని కాదు, కన్నాల్ని. ఇదంతా ఆయనకెలా తెలుసని అడిగాను. నేను మూడో తరగతిలో ఉండగా ఇంకో ఇంటి అటకమీద ఆ ముక్కల పెట్టె దొరికిందట. ఏమిటో తెలియక ఇంటికి తెచ్చాడట. అమ్మ నెల్లాళ్లు వాటితోనే పొయ్యి రాజేసిందట. తర్వాత ఒక ముసలి తాపీమేస్త్రి చెబితే గాని అవేమిటో తెలియలేదట.

"బాగా మండాయి," అన్నాడు మెల్లగా. "అన్నీ ఒకే తీరుగా, చేతికి నునుపుగా ఉండేవి. ఒక్కటైనా ఉంచుకోవలసింది."

నేను పరుగున లోపలికి వెళ్లాను. బాబాయి అప్పటికే జోలె విప్పి కరిగించే మూసలోకి వంచబోతున్నాడు. ఆపమన్నాను. ముక్కలన్నీ బల్ల మీద పోసి లెక్కపెడితే ముప్పై ఏడు. ఆయన రంపం గీత దాటని మనిషి కాబట్టి ఒక్కటీ చెడలేదు. బొగ్గు కాగితం పరిచి ఏ కన్నం ముక్కను ఆ కన్నంలో పెట్టాను. కాడలు ఉండవలసిన చోట ఖాళీ. వెనకవైపు సన్నటి రింగులతో ఒకదానికొకటి తగిలిస్తే ఆ ఖాళీ అలాగే నిలుస్తుంది. వేసుకున్నవాళ్ల ఒంటి రంగే కాడలవుతుంది.

బాబాయి చాలాసేపు చూశాడు. రింగులకు అతుకు పెట్టాలంటే డెబ్బై చోట్లకు తక్కువ కాదని గొణిగాడు. గొణుగుతూనే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ సాయంత్రం వరకూ, మళ్లీ శుక్రవారం పొద్దుటినుంచీ ఆయన అతికాడు, నేను అందించాను. మధ్యలో ఒకసారి మాత్రం తల ఎత్తకుండా, "మీ నాన్నను ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టాల్సింది, నిన్ను కాదు," అన్నాడు.

ఒంటిగంటకు హారం పూర్తయింది. కదిపితే నీళ్లలా మెడ మీద ఒదిగింది. కార్డు కూడా తిరగరాశాను: "ఈ జాలీ ఉన్న ఇంటిని విప్పింది మా నాన్న. అది ఎలా తయారైందో నాకు చెప్పిందీ ఆయనే."

మేడం హారాన్ని తన మెడకు పెట్టుకుని అద్దంలో చూసుకుంది. తర్వాత కార్డు చదివి పెన్ను తీసింది.

"అబద్ధం రాయమనట్లేదమ్మా. ఈ రెండు వాక్యాలూ తీసేయమంటున్నాను, అంతే. ఇళ్లు తీసేసే ఆయన ఇంట్లోంచి వచ్చిన నగ అంటే ఎవరు వేసుకుంటారు?"

చెప్పవలసింది అక్కడే చెప్పి ఉండాల్సింది. టైము ఒంటిగంట నలభై. కొనేవాళ్లు కింద కారు దిగారు. మేడం నా వాక్యాలు కొట్టేసి, పక్కన తనే ఒకటి రాసి, అచ్చుకు ఇచ్చింది.

కొనేవాళ్లలో ఒక పెద్దావిడ హారాన్ని అరచేతిలో పరుచుకుని, దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పింది. చాలా ఇష్టపడింది. కార్డు చదివి, ఆప్యాయంగానే అడిగింది.

"అయితే ఆ ఇల్లు మీదేనా అమ్మా?"

మేడం నా వైపు చూసింది. నేను అవునన్నట్టు తల ఊపాను. ఆ ఊపుతో నా ఉద్యోగం ఖాయమైంది.

తర్వాతి నెల హారం బంగారంలో వచ్చినప్పుడు ఒక కార్డు ఇంటికి తీసుకెళ్లాను. దాచిపెడదామనుకున్నాను గాని, నాన్న అడిగాడు. ఎప్పట్లాగే అక్షరం అక్షరం చదివాడు. "మా తాతల నాటి ఇంటి జ్ఞాపకం" అన్న చోట ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు.

"మా నాన్నకు అద్దెకొంప కూడా సరిగ్గా ఉండేది కాదే," అన్నాడు. కోపం లేదు. నిజంగానే ఎవరి తాత అని ఆలోచిస్తున్నట్టు ఉన్నాడు. కాసేపటికి ఆయనకు అర్థమైందని నాకు తెలిసింది, ఎందుకంటే ఇక కార్డు గురించి ఏమీ అడగలేదు. అచ్చు బాగుందన్నాడు. అమ్మను పిలిచి చూపించాడు.

కార్డు మీద పట్టనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ హారం ఇప్పుడు చాలా దుకాణాల అద్దాల వెనక ఉంది. ఎప్పుడైనా ఎవరి మెడలోనైనా ముప్పై ఏడు ముక్కలు, మధ్యలో ఖాళీలు చూస్తే, నన్ను తలుచుకోనక్కర్లేదు. ఎడమచేతి చూపుడువేలికి గోరు లేని ఒక మనిషి, పరాయివాళ్ల ఇళ్లను పైనుంచి కిందికి ఒక్కో ఇటుకే దించుతూ, ఏది ఎలా కట్టారో గుర్తు పెట్టుకున్నాడు. ఆయన్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి.